నా గోడకు నప్పే పంపు

సెప్టెంబర్ 28, గురువారం

పొద్దున మునిసిపాలిటీ నుంచి పొగగొట్టాలు చూసే మనిషి వచ్చాడు. పైకెక్కి, లైటు పట్టుకుని లోపలికి తొంగిచూసి, దిగి వచ్చి, మసి చేతులు తుడుచుకుంటూ గొట్టం నిలువునా పగిలిందన్నాడు. బాగు చేయించేదాకా కట్టెల పొయ్యి వెలిగించకూడదట. బాగు చేసేవాళ్ళకేమో వసంతం దాకా తీరిక లేదట. షెడ్డులో కప్పుదాకా పేర్చుకున్న బిర్చి కట్టెలు చూస్తే ఏడుపొచ్చింది.

అంటే ఇక హీట్ పంపు పెట్టించాలి. ఈ వీధిలో అందరికీ ఉంది, నాకొక్కదానికే లేదు. ఎందుకు లేదంటే అది వికారంగా ఉంటుంది కాబట్టి. స్పెయిన్ హోటళ్ళలో గోడమీద చల్లగాలి పెట్టె ఉంటుంది చూడు, అచ్చం అదే. కాకపోతే ఇది బయటి చలిలోంచి వేడి పిండుకొచ్చి ఇంట్లోకి ఊదుతుంది. మంచి పనే. కానీ నా హాల్లో అలాంటి డబ్బా వేలాడుతుంటే నేను అన్నం ఎలా తింటాను?

సెప్టెంబరు ఆఖరి గురువారం కదా, ఆనవాయితీ ప్రకారం గొర్రెమాంసం క్యాబేజీ కలిపి వండాను. ఆస్గేయిర్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. బాగుందన్నాడు. ఏం పెట్టినా బాగుందనే అంటాడు.

అతను ఈ ఇంటికి వచ్చి రెండు వారాలైంది. ఒక్క సూట్‌కేసుతో వచ్చాడు. పక్క ఊరు ఆల్వ్‌డాల్‌లో తన ఇల్లు అలాగే ఉంచుకున్నాడు. చలికాలం గడవనీ, చూద్దాం అన్నాడు. ఏం చూడాలో నేను అడగలేదు. అతనికి అరవై, నాకు యాభై ఆరు. ఇద్దరం చెరో పెళ్ళీ చేసుకుని బయటపడ్డవాళ్ళమే.

ఈ మనిషి ఉండిపోవాలి. ఈ మాట ఒక్కసారి రాసుకుంటున్నాను, మళ్ళీ రాయను.

అక్టోబర్ 2, సోమవారం

ట్రుల్స్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. మా అక్క కొడుకు. ఈ చుట్టుపక్కల పంపులన్నీ వాడే బిగిస్తాడు. ఇల్లంతా తిరిగి, చివరికి వచ్చి ఎక్కడ నిలబడ్డాడు? నా గోడ ముందు. గాలి మెట్లదాకా పోవాలంటే ఇదొక్కటే చోటు అన్నాడు.

ఈ గోడ సంగతి ఊరంతటికీ తెలుసు. మా టీన్‌సెట్‌లో సగం హాళ్ళకు ఏ రంగు వేయాలో చెప్పింది నేనే. రంగుల కొట్లో నా బల్ల దగ్గర శనివారం పూట జనం నిలబడతారు. అలాంటిదాన్ని, నా ఇంటి గోడకు ఎంత ఆలోచించి ఉంటాను? డబ్బా మీద డబ్బా కలిపి, పారబోసి, మళ్ళీ కలిపి తెచ్చిన రంగు అది. పొగమంచులో నాచు అని పేరు పెట్టుకున్నాను. కావాలని అడిగినవాళ్ళకు ఇంకోటేదో కలిపి ఇస్తాను గానీ, అది మాత్రం ఇవ్వను.

ఆ గోడ మీద తెల్ల డబ్బా పెడతానంటే ఒళ్ళు మండింది. వేరే చోటు చూడరా అన్నాను. అయితే కిటికీ కింద నేలమీద పెట్టే రకం ఉంది పిన్నీ, చూడ్డానికి మర్యాదగా ఉంటుంది, కాళ్ళకు కూడా వెచ్చగా తగులుతుంది అన్నాడు. కిటికీ కింద అమ్మమ్మ పూలబొమ్మల చెక్కపెట్టె ఉంది. అది ఎక్కడికి పోతుంది? వాడు కేటలాగులు బల్లమీద పెట్టి కాఫీ తాగి వెళ్ళాడు.

అక్టోబర్ 5, గురువారం

తెలుపు: ఫ్రిజ్‌ని గోడకెక్కించినట్టు ఉంటుంది.
నలుపు: రెండో టీవీ.
ముందు గుడ్డ తొడిగినది: రంగు బాగుంది. కానీ ఆ దుమ్ము ఎవరు దులుపుతారు?
చెక్కలా కనిపించేది: ప్లాస్టిక్‌కి చెక్క వేషం. ఛీ.

ఆస్గేయిర్‌ని అడిగితే నీకు ఏది నచ్చితే అది అన్నాడు. అదేం జవాబు?

అక్టోబర్ 9, సోమవారం

కేటలాగు చూసి ఎవరైనా నిర్ణయిస్తారా? నా కొట్టుకొచ్చేవాళ్ళకు నేనేం చెప్తాను, ముక్క తీసుకెళ్ళి గోడకు అంటించి వారం చూడండి అంటాను. అందుకే ఆస్గేయిర్‌తో అట్టపెట్టె ఒకటి కోయించాను, సరిగ్గా పంపు కొలతలకే. మూలలు గుండ్రంగా కూడా చేశాడు పాపం. తెల్ల కాగితం అంటించి గోడకు తగిలించాం. పొద్దుటి వెలుతురులో చూశాను, దీపం వెలుతురులో చూశాను, కొవ్వొత్తులు పెట్టి చూశాను. రేపు నల్ల కాగితం.

ఆస్గేయిర్ భోజనం చేస్తూ పైకి చూసి, ఈ పంపు భలే చప్పుడు లేకుండా నడుస్తోందే అన్నాడు. మొహంలో నవ్వు లేదు. ఈ మనిషి నాకు ఇందుకే నచ్చాడు.

అక్టోబర్ 12, గురువారం

పక్కింటి సోల్‌ఫ్రిడ్ యాలకులకోసం వచ్చి గోడ చూసింది. ఓ, పెట్టించేశావా, ఎంత చక్కగా కలిసిపోయిందో, ఇల్లంతా వెచ్చగా ఉంది అంది. అప్పటికి దానిమీద ఇసుకరంగు కాగితం ఉంది. పొయ్యి లేక ఇల్లు పదహారు డిగ్రీలుంది. నేను నోరు తెరిచేలోపు ఆస్గేయిర్ చాలా మర్యాదగా, కరెంటు ఇంకా ఇవ్వలేదండీ అన్నాడు. ఆవిడ వెళ్ళాక ఇద్దరం సోఫాలో పడి నవ్వాం.

అక్టోబర్ 15, ఆదివారం

అట్టతోనే గడుస్తోంది. బయట మొదటి మంచు.

అక్టోబర్ 20, శుక్రవారం

ట్రుల్స్ ఫోను. పిన్నీ, నవంబరు వచ్చేస్తోంది, అట్ట ముక్కతో ఎన్నాళ్ళు కాపురం చేస్తావు, నా దగ్గర వచ్చే శుక్రవారం ఒక్కటే ఖాళీ ఉంది అన్నాడు. ఆస్గేయిర్ అప్పుడే పనినుంచి వచ్చి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మునిసిపాలిటీ మంచుబండి నడుపుతాడు. తెల్లారకముందే లేచి వెళ్ళి రోడ్లమీది మంచు గీకి వస్తాడు. చలికి అలవాటు పడ్డ మనిషి.

తెల్లదే తీసుకుంటానన్నాను. ఎందుకంటే నాకో ఉపాయం తట్టింది. పంపు ఏ రంగులో ఉంటే ఏం, కనిపించకపోతే సరి. సన్నటి చెక్కపట్టీలతో దానికో తొడుగు చేయించి, తొడుగుకి నా నాచురంగు వేస్తే గోడలో గోడ అయిపోతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో.

ట్రుల్స్‌కి చెప్తే గాలి ఆడదు పిన్నీ, మూసిపెట్టకు అన్నాడు. వాడికి ఎప్పుడూ గాలి గోలే. పట్టీల మధ్య సందులుంటాయిరా, నేనేమన్నా సిమెంటు పూస్తున్నానా అన్నాను.

అక్టోబర్ 27, శుక్రవారం

బిగించేశారు. బయటి డబ్బా వెనకవైపు గోడకు, లోపలిది నా గోడకు.

నిజం చెప్పాలంటే వేడి బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఆస్గేయిర్ స్వెట్టరు తీసేశాడు. ఆ తర్వాత ఉన్ని బనీను కూడా తీసేసి, మామూలు చొక్కాతో, చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాడు. వచ్చి ఆరువారాలైంది గానీ ఈ మనిషి మోచేతులు ఇవాళే చూశాను. అంట్లు కడుగుతూ పాట కూడా పాడాడు. గొంతు బాగాలేదు.

కానీ ఆ తెలుపు! కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది.

అక్టోబర్ 28, శనివారం

తెలుపు.

అక్టోబర్ 29, ఆదివారం

తొడుగు బొమ్మ గీసి ఇచ్చాను. ఆస్గేయిర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీనికి ఊపిరి ఆడుతుందా అని ఒక్కసారే అడిగాడు. ఆడుతుందన్నాను. సరే అయితే అని షెడ్డులోకి వెళ్ళాడు.

నవంబర్ 4, శనివారం

పూర్తయింది! ఎంత అందంగా చేశాడో. పట్టీలన్నీ ఒకే మందం, మేకు తల ఒక్కటి కనపడదు. నాచురంగు రెండు పూతలు వేశాను. గోడముందు నిలబడి చూస్తే పంపు ఎక్కడుందో నాకే తెలియలేదు. పాత కరెంటు హీటర్లు అటకెక్కించాను, ఇక వాటితో పనేముంది. ఆస్గేయిర్ బాగుందన్నాడు. ఈసారి ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నవంబర్ 11, శనివారం

తొడుగు చూడ్డానికి అందరినీ కాఫీకి పిలిచాను. సోల్‌ఫ్రిడ్, మా వీధి చివర రాగ్నా టీచరు, ఆవిడ మొగుడు, కొట్లోంచి ఇద్దరు. వాఫిళ్ళు చేశాను, బ్రౌన్ చీజు, అడవిలో ఏరిన క్లౌడ్‌బెర్రీల జాము. అందరూ గోడ ముందు నిలబడి ముక్కున వేలేసుకున్నారు. రాగ్నా టీచరైతే పంపు చూపిస్తానని పిలిచి ఎక్కడ దాచావే అంది. ఎంత బాగుందో, ఎంత హాయిగా ఉందో అని ఒకరి తర్వాత ఒకరు. నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఉన్ని స్వెట్టర్లు ఎవరూ తీయలేదు. అందరివీ కొత్తవి, చూపించుకోవాలని ఉంటుంది కదా. కాఫీ కప్పులు రెండు చేతులతో పట్టుకుని తాగారు. ఆ కప్పులు కూడా అందమైనవే.

నవంబర్ 14, మంగళవారం

సోల్‌ఫ్రిడ్‌కి కూడా అలాంటి తొడుగే కావాలట. రాగ్నా టీచరుకీ కావాలట. ఆవిడ చెల్లెలికీ. ఎవరి గోడకు ఏ రంగో నేను చెప్తాను, చెక్కపని ఆస్గేయిర్ చేస్తాడు. చూస్తుంటే ఈ వీధంతా అందంగా అయిపోయేట్టుంది.

ఆస్గేయిర్ ఇవాళే మూడింటికీ పట్టీలు కోసిపెట్టాడు, నోరెత్తకుండా.

నవంబర్ 17, శుక్రవారం

థర్మామీటరు పద్నాలుగు చూపిస్తోంది. అది తలుపు పక్కన ఉంది, అక్కడ గాలి దూరుతుంది. తీసి తొడుగు పైన పెట్టాను. ఇరవైరెండు. అదీ సంగతి.

నవంబర్ 19, ఆదివారం

బయట మైనస్ పద్దెనిమిది. చేతి తొడుగులు వేసుకుని రాస్తే అక్షరాలు గుండ్రంగా వస్తున్నాయి, చూడ్డానికి బాగానే ఉంది.

ఆస్గేయిర్ మంచానికి కూడా టోపీతో వస్తున్నాడు. మగవాళ్ళకు వయసు మీదపడితే తల చల్లబడుతుందని ఎక్కడో చదివాను.

నవంబర్ 21, మంగళవారం

ఇవాళ ఒక వింత. మధ్యాహ్నం పనైపోయాక ఆస్గేయిర్ మంచుబండి మా వాకిట్లోనే ఆపాడు. గంట గడిచింది, మనిషి లోపలికి రాడు. ఇంజను నడుస్తూనే ఉంది. కిటికీలోంచి చూస్తే బండి లోపల చొక్కాతో కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ పేపరు చదువుకుంటున్నాడు. హాయిగా కాళ్ళు చాపుకున్నాడు కూడా.

లోపలికి వచ్చాక అడిగితే రేడియోలో ఏదో వస్తుంటే విన్నానన్నాడు. మనింట్లో రేడియో లేదా?

మగవాళ్ళకు కాసేపు ఒంటరిగా ఉండాలనిపిస్తుంది. నేను అలాంటివాటికి అడ్డుపడే రకం కాదు.

నవంబర్ 22, బుధవారం

ఇవాళా బండిలోనే.

నవంబర్ 23, గురువారం

ఆల్వ్‌డాల్ ఇంటిని ఎవరో కుర్రజంట కొనుక్కుంటామన్నారట. క్రిస్మస్ లోపల చెప్పమంటున్నారట. భోజనాల దగ్గర, ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పాడు. ఏమన్నావు అని అడిగాను, నేనూ అంత మామూలుగానే. ఆలోచించి చెప్తానన్నానన్నాడు.

ఆలోచించడానికి ఏముంది?

నవంబర్ 25, శనివారం

వెళ్ళాడు. ఇంత చలికి ఆల్వ్‌డాల్ ఇంట్లో నీళ్ళ గొట్టాలు పగులుతాయేమో, చూసి వస్తానన్నాడు. సూట్‌కేసు తీసుకెళ్ళాడు. గొట్టాలు చూడ్డానికి సూట్‌కేసు ఎందుకో నాకు అర్థం కాలేదు. వాకిట్లో నిలబడి అంతా బాగుంది గున్‌వోర్, రెండ్రోజుల్లో వస్తాలే అన్నాడు. ముక్కు ఎర్రగా ఉంది.

నేనేం తప్పు చేశాను? వంట బాగుందన్నాడు. ఇల్లు బాగుందన్నాడు. నేను బాగున్నానని కూడా ఒకసారి అన్నాడు, అక్టోబరులో.

నవంబర్ 26, ఆదివారం

తెలిసింది. రంగు. నాచురంగు చల్లటి రంగు, మనిషిని దూరం పెడుతుంది. వచ్చినవాళ్ళకు నేనే చెప్తుంటాను, గోడకు వెచ్చటి రంగు వేసుకోండి, గది రెండు డిగ్రీలు పెరిగినట్టుంటుందని. సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి బుర్ర పనిచేయలేదు.

కొట్టుకెళ్ళి తాళం తీసి, కాల్చిన ఇటుక రంగు కలుపుకుని వచ్చాను. గోడంతా వేశాను. తొడుగుకి కూడా. ఇన్నేళ్ళ పొగమంచూ నాచూ ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. ఆశ్చర్యం, నాకేమీ బాధ కలగలేదు.

రంగు ఆరడం లేదు. ఎందుకో మరి.

నవంబర్ 27, సోమవారం

ఆస్గేయిర్ ఫోను చేయలేదు.

నవంబర్ 28, మంగళవారం

చేశాడు. గొట్టాలు బాగున్నాయట. అక్కడ కట్టెల పొయ్యి వెలిగించాడట. వెనక చిటపటలు వినిపిస్తున్నాయి. ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. ఇద్దరం వాతావరణం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

నవంబర్ 29, బుధవారం

రంగు ఇంకా ఆరలేదు. వేలు పెడితే అంటుతోంది.

డిసెంబర్ 1, శుక్రవారం

రేపు వస్తాడట. ఏదో మాట్లాడాలట. అన్నం సయించలేదు. గొర్రె ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకున్నా కాళ్ళు వెచ్చబడలేదు. బెంగతో అయి ఉంటుంది.

డిసెంబర్ 2, శనివారం

అంతా వరసగా రాయాలి.

శనివారం కదా, ఎప్పటిలా బియ్యం పాలలో ఉడికించి గంజి చేశాను, దాల్చినచెక్క, చక్కెర, మధ్యలో వెన్న. పన్నెండింటికి వచ్చాడు. కోటు తీయకుండానే గోడ చూశాడు. ఎర్రగా చేశావే అన్నాడు. వెచ్చటి రంగు అన్నాను. అతను గోడకేసి చూశాడు, నాకేసి చూశాడు, ఏదో అనబోయి బల్ల దగ్గర కూర్చున్నాడు. సూట్‌కేసు కారులోనే ఉంది. నేను చూశాను.

కాసేపు గంజి తిన్నాం. బాగుందన్నాడు.

అంతే. నాలో ఏదో తెగింది. స్పూను కింద పడేశాను.

"నీకు ఇక్కడ ఉండాలని లేకపోతే ఆ మాటే చెప్పెయ్ ఆస్గేయిర్. బాగుంది బాగుంది అని నా ప్రాణం తీయకు."

"అంతా బాగానే ఉంది గున్‌వోర్."

"ఆ మాట సోల్‌ఫ్రిడ్ కూడా అంటుంది. అట్టముక్కను చూసి కూడా అంది. నా ఇంటికి చుట్టాలూ స్నేహితులూ చాలామంది వస్తారు. కాఫీ తాగి, బాగుందని వెళ్ళిపోతారు. అలాంటివాళ్ళు నాకు ఇంకొకరు అక్కర్లేదు."

అతను గంజిలోకి చూస్తూ కూర్చున్నాడు. వెన్న కరిగి అంచుకు చేరేదాకా చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. చివరికి తల ఎత్తకుండానే అన్నాడు.

"చలేస్తోంది."

నాకు అర్థం కాలేదు. ఏమిటి అన్నాను.

"చలేస్తోంది గున్‌వోర్. ఈ ఇంట్లో నాకు చచ్చేంత చలేస్తోంది. ఆ తొడుగు బిగించిన రోజు నుంచీ వేస్తోంది. రాత్రి టోపీ పెట్టుకుని పడుకుంటున్నాను. మంచుబండిలో కూర్చుని ఒళ్ళు కాచుకుంటున్నాను. ఊరి రోడ్లమీద మంచు గీకి వచ్చి, ఇంటికొస్తే వణుకు పుడుతోంది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాను? అది నీ గోడ. ఊరంతా చూసి మెచ్చుకునే గోడ. నేనేమో నిన్నగాక మొన్న సూట్‌కేసు పట్టుకుని వచ్చినవాణ్ణి. వచ్చీ రాగానే ఇంటావిడ ఇంటికి వంకలు పెడతానా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు."

అందుకని వెళ్ళిపోదామనుకున్నాడట. చలి అని చెప్పడం కంటే వెళ్ళిపోవడం మర్యాద అనుకున్నాడట. ఇదీ మా జనం. ఇవాళ మాట్లాడాలన్నది ఆ సంగతేనట, వసంతం వచ్చాక మళ్ళీ కలుద్దామని. విన్నాక నాకు కోపం రావాలి. కానీ ఏమైందో తెలియదు, స్టూలు లాక్కుని గోడ దగ్గరికి వెళ్ళి ఎక్కాను. తొడుగు పట్టీల సందులోంచి చెయ్యి లోపల పెట్టాను.

లోపల ఎంత వేడిగా ఉందో! వాఫిళ్ళ పెనంలా ఉంది. పంపు ఊదిన వేడంతా తొడుగులోనే తిరుగుతోంది. ఇల్లు వెచ్చబడిందనుకుని పాపం అది తీరిగ్గా కునుకు తీస్తోంది. నెల రోజులుగా నేను ఆ తొడుగును వెచ్చగా ఉంచడానికి కరెంటు కాలుస్తున్నాను. దాని పైన థర్మామీటరు పెట్టి నన్ను నేను మోసం చేసుకుంటున్నాను. నా కాళ్ళూ వేళ్ళూ ఎప్పుడో చెప్పాయి, నేనే వినిపించుకోలేదు.

దిగకుండానే చెప్పాను, ఆ సుత్తి పట్రా అని. ఎంత అందంగా చేశాడో అంత గట్టిగా కూడా చేశాడు, ఊడిరావడానికి ఇద్దరం చెమటలు కక్కాం. తొడుగు కింద పడగానే పంపు ఒక్కసారి కళ్ళు తెరిచినట్టు బుస్సుమంది. వేడిగాలి నా మొహాన కొట్టింది. ఎర్రటి ఇటుకరంగు గోడమీద ఆ తెల్ల డబ్బా ఎంత దరిద్రంగా ఉందో రాయడానికి నాకు మాటలు లేవు.

గంజి చల్లారిపోయింది. మళ్ళీ వేడిచేసి కూర్చున్నాం. ఇంకేమైనా ఉన్నాయా చెప్పు అన్నాను, ఏదో మాటవరసకి. ఉన్నాయన్నాడు. కాఫీ నీళ్ళలా ఉంటుందట. సోఫా చూసుకోవడానికే గానీ కూర్చోవడానికి కాదట. స్నానాల గదిలో పెట్టిన ఆ సువాసన పుల్లలకు తుమ్ములొస్తాయట. శుక్రవారం టాకోల్లో మొక్కజొన్న వేయడం అన్యాయమట. ఒకటి తర్వాత ఒకటి, ఊపిరి పీల్చుకోకుండా చెప్పాడు. నేను నవ్వు ఆపుకోలేక బల్లమీద తల పెట్టేశాను. అవన్నీ రాసుకోనా అన్నాను.

"ఎందుకు? రోజూ చెప్తాలే" అన్నాడు.

రోజూ అన్నాడు. తను ఏమన్నాడో తనకే ఒక క్షణం తర్వాత తెలిసినట్టుంది. లేచి కారు దగ్గరికి వెళ్ళి సూట్‌కేసు తెచ్చాడు.

డిసెంబర్ 3, ఆదివారం, మొదటి అడ్వెంట్

క్రిస్మస్ కోసం కిటికీల్లో నక్షత్రాలు వేలాడదీసే రోజు. మేమిద్దరం మాత్రం స్క్రూడ్రైవరూ సుత్తీ పట్టుకుని వీధిన పడ్డాం.

ముందు సోల్‌ఫ్రిడ్ ఇల్లు. శాలువా, టోపీ, పొలం బూట్లతో తలుపు తీసింది. ఇంట్లోనే. చలిగా లేదా అంటే, అబ్బే, కొంచెం చల్లగా ఉంటే ఆరోగ్యమేగా అంది. నా మొహం మీద అనడం ఇష్టం లేక రెండు వారాలుగా వంటింట్లో ఓవెను తలుపు తీసి కూర్చుంటోందట. రాగ్నా టీచరు ఏడింటికే వేడినీళ్ళ సీసాతో మంచమెక్కుతోందట. ఆవిడ మొగుడు పగలంతా లైబ్రరీలో ఉంటున్నాడట. ఈ మధ్య బాగా చదువుతున్నాడని ఆవిడ సంబరపడిందట. ఆవిడ చెల్లెలు మాత్రం వాళ్ళింట్లో కుక్కకు స్వెట్టరు అల్లింది.

నేను తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్రతి గుమ్మంలోనూ క్షమించమన్నాను. ప్రతివాళ్ళూ అబ్బే ఫరవాలేదు, తొడుగు మాత్రం చాలా అందంగా ఉంది అన్నారు. ఇక నేను ఊరుకోలేదు. చలేసిందా లేదా, ఆ మాట చెప్పండి అన్నాను. రాగ్నా టీచరు కాసేపు పెదాలు కొరుక్కుని, చచ్చేట్టు వేసింది గున్‌వోర్ అంది. అని హాయిగా నవ్వింది. అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

ట్రుల్స్‌కి ఫోను చేసి చెప్పాను. వాడు నవ్వీ నవ్వీ మాట రాక ఫోను పెట్టేశాడు.

డిసెంబర్ 4, సోమవారం

కొట్లో ఒకావిడ హీట్ పంపుకు నప్పే గోడరంగు అడిగింది. ముందు పంపు పెట్టించుకోండి, వెచ్చగా కూర్చుని తీరిగ్గా రంగు ఆలోచిద్దాం అన్నాను.

డిసెంబర్ 6, బుధవారం

పొద్దున ఆల్వ్‌డాల్ జంట ఫోను చేశారు. ఆస్గేయిర్ ఫోను తీసుకుని నడవలోకి వెళ్ళాడు. నేను వంటింట్లో కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ విన్నాను. తాళాలు శుక్రవారం ఇస్తానన్నాడు. పొయ్యి బాగా మండుతుంది, కట్టెలు షెడ్డు నిండా ఉన్నాయి, వాడుకోండి అన్నాడు. వసంతంలో కప్పు మీద మంచు ఎటు జారుతుందో కూడా చెప్పాడు.

లోపలికి వచ్చి, సోఫాలో కూర్చుని, చొక్కా పైగుండీ తీసుకున్నాడు. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. ఇల్లమ్ముకోవడం చిన్న సంగతా. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఎదురుగా ఉన్న ఆ తెల్ల డబ్బాకేసి చూస్తూ కూర్చున్నాం.

కాసేపటికి ఉక్కపోస్తోంది, ఇంత వేడి ఎందుకు పెట్టావ్ అన్నాడు. రిమోటు తీసుకుని, నన్ను అడక్కుండానే మూడు డిగ్రీలు తగ్గించేశాడు.

నాకెంత సంతోషమైందో. అయినా ఇంట్లో కొత్త పద్ధతి పెట్టుకున్నాం కాబట్టి, నాకు చలేస్తోందని చెప్పాను.

స్వెట్టరు వేసుకో అన్నాడు.

వేసుకున్నాను.